ఎడమచేతి కుట్టు

ఆళ్లగడ్డ,
4 ఆగస్టు 2025

నా పేరు జీవరత్నమ్మ. వయసు డెబ్బై ఆరు. ఆధార్ కార్డులో డెబ్బై ఒకటి అని ఉంది, అది వాళ్ల తప్పు. మొగుడు జోసెఫ్, ప్రభువు పిలుచుకొని పదకొండేండ్లాయ. ఈ ఇంట్లో ఉండేది నేను, నా కొడుకు యోబు, కోడలు హన్నమ్మ, రెండు మేకలు. యోబు రుద్రవరం రోడ్డులో ఆటో తోలతాడు. హన్నమ్మ బడిలో పిల్లోళ్లకు మధ్యాహ్నం అన్నం వండుతాది. నా మనవరాలు లూదియా కూడా ఈ ఇంటి మనిషే. రేషన్ కార్డులో దాని పేరు తీయించలే, తీయనియ్యను.

నాకు చదువు రాదు. చెప్తాండేది నేను, రాస్తాండేది పక్కింటి అంగన్‌వాడీ టీచరు ప్రసన్నకుమారి.

మే లూదియా, కాగితమంటే ఇట్లే మొదలుపెట్టాల. కాలవ పనికాడ కూలి కోసినప్పుడు అర్జీ రాయిచ్చినా, పింఛను నిలిపినప్పుడు రాయిచ్చినా. పేరు, వయసు, ఇల్లు ముందు చెప్పకపోతే ఎవరూ నమ్మరు. నువ్వూ నమ్మాల కాబట్టి చెప్పినా. ఫోన్లో నాకు సగం వినపడదు, వినపడిన సగానికి నువ్వు ఎదురు మాట్లాడతావు. కాగితం ఎదురు మాట్లాడదు.

అడిగేది ఒకటే. నిన్న మీ నాయన నీ ఫోటో చూపిచ్చినాడు. తలకు టోపీ, ఒంటికి నీలం అంగీ, అంగీ మీద ఏందో రాసింది. టీచరమ్మ చదివితే W-218 అంట. మనిషికి నంబరేసేది యాడమ్మా? జైల్లో. ల్యాకపోతే సంతలో గొర్రెకు. నీకు చర్చిలో పదిమంది ముందర పెట్టిన పేరుంది. లూదియా అని పిలిస్తే వాళ్ల నోరు అరుగుతాదా? నంద్యాల ఐటీఐలో మొగపిల్లోళ్ల నడుమ ఒక్కదానివే వెల్డింగు నేర్చుకుంటివి, రోజూ బస్సులో నిలబడి పోయొస్తివి, ఇదంతా నంబరు కావడానికా?

(ఇక్కడ ఒక తిట్టు ఉంది. నేను రాయలేదు. — ప్రసన్నకుమారి)

ఇంగ ఆ సముద్రం ఒడ్డున ఏం కడతాండారో కూడా సరిగ్గా చెప్పు. గాజులమ్మే షాహజాదీ వచ్చి, "జీవరత్నమ్మక్కా, నీ మనవరాలు పెట్రోలు చేస్తాందంట గదా, ఇంగ యోబు ఆటోకు ఊరికే పోయిస్తాదిలే" అని నవ్విపోయింది. నవ్వేవాళ్లకు జవాబు చెప్పాలంటే నాకు సంగతి తెలియాల. బేగా రాయి.

ఎడమ బొటనవేలి ముద్ర: జీవరత్నమ్మ
సాక్షి: షాహజాదీ. నవ్వినందుకు సంతకం పెట్టించినా.


రిఫైనరీ సైట్, ఆడవాళ్ల హాస్టల్,
17 ఆగస్టు 2025

జేజికి వందనాలు.

నీ ఉత్తరం హాస్టల్లో అందరికీ చదివి వినిపించినా. మేము పదకొండుమందిమి ఆడ వెల్డర్లం. నీ తిట్టు ఏమైయుంటాదని రాత్రి అన్నం కాడ పందెం వేసుకున్నారు.

నంబరు జైలుది కాదు జేజీ. ఈడ వెల్డరు కావాలంటే పరీక్ష ఉంటాది. రెండు పైపు ముక్కలిచ్చి అతకమంటారు. అతికినాక కోసి, వంచి, ఎక్స్‌రే తీసి చూస్తారు. రవ్వంత బుడగ కనపడినా పొమ్మంటారు. నాతో పాటు నలభై మంది రాస్తే పద్నాలుగు మందిమి మిగిలినాం. అట్ల మిగిలినోళ్లకే నంబరు. మనం అతికిన ప్రతి జాయింటు పక్కన ఆ నంబరు ఇనుప అచ్చుతో కొడతారు. నలభై ఏండ్ల తర్వాత ఎవరొచ్చి చూసినా, ఈ అతుకు ఫలానా మనిషి చేతిదని తెలుస్తాది. ఈ ఊరంత ఫ్యాక్టరీలో W-218 అంటే నేను ఒక్కదాన్నే.

నీకు ఒక మాట చెప్పాల. పరీక్షలో నేను ఎడమచేత్తోనే అతికినా. నిప్పు కాడ నాకు కుడిచెయ్యి తిరగదు. పరీక్ష పెట్టిన పెద్దాయన చూసి, "ఏ చెయ్యైతే ఏమ్మా, ఎక్స్‌రే చెయ్యి అడగదు" అన్నాడు. కానీ ఫారంలో ఏ చేతి వాటమని ఒక గడి ఉండింది. నేను కుడి అని రాసినా. నువ్వు చిన్నప్పుడు చెప్పిన మాటలు గురుతొచ్చినాయి. సంతకం కుడిచేత్తోనే పెడతా గదా, ఎవరూ అడగలే.

ఇంగ ఇది ఏమి ఫ్యాక్టరీనో విను. ఓడలో ముడిచమురు వస్తాది, నల్లగా, బంక మాదిరి. దాన్ని కాచి ఒక ఇనుప గోపురంలోకి పంపుతారు. ఆవిరి పైకి పోయేకొద్దీ చల్లబడి ఒక్కో అంతస్తులో ఒక్కోటి దిగుతాది. పైన వంటగ్యాసు, కింద పెట్రోలు, ఇంకా కింద కిరసనాయిలు, డీజిలు, అడుగున తారు. ఆ గోపురాన్ని మొన్న లేపినారు జేజీ. మన చర్చి గంటగోపురాలు ఆరు ఒకదాని మీద ఒకటి పెట్టినంత పొడుగు. ఓడలో పడుకోబెట్టి తెచ్చినారు. రేవు నుంచి సైటుకు తొమ్మిది కిలోమీటర్లు రావడానికి మూడు దినాలు పట్టింది, పక్కన మనిషి నడిస్తే మనిషే ముందు చేరతాడు. రెండు క్రేన్లు పట్టి లేపతాంటే వేలమందిమి పని ఆపి తలెత్తి నిలబడినాం. ఐదు గంటలు. ఆఖరుకు కింద బోల్టుల మీద దించేటప్పుడు వేలెడు సందు కూడా తప్పలే. రుద్రవరం ఇర్షాదన్న ఈడనే పరంజా కడతాడు, ఆయన టోపీ తీసి కండ్లు తుడుచుకున్నాడు. నాకు నువ్వు గురుతొస్తివి.

దాని పక్కన ఇంకొకటి కడతాండారు, పెట్రోకెమికల్ అంటారు. అదే చమురు గ్యాసులోనుంచి తెల్లని గింజలు తీస్తారు, కొర్రబియ్యం మాదిరి ఉంటాయి. మన బిందెలు, శనగల బస్తాలు, చర్చిలో కుర్చీలు అన్నీ ఆ గింజలే. నువ్వు సూది దిగదని తిట్టే పాలిస్టర్ చీరల దారం కూడా ఇట్లాంటి చోటనే పుడతాది. నీ బొంతలకు నేను ఈడ నుంచే గుడ్డ నేస్తాండాననుకో.

నా జాయింట్ల ఫోటోలు రెండు కడిగించి పంపుతాండా. నిలువు పైపు మీద చుట్టూ పోయిన అతుకు. చూసి ఎట్లుందో చెప్పు.

నీ లూదియా


ఆళ్లగడ్డ,
1 సెప్టెంబర్ 2025

జీవరత్నమ్మ, వయసు, ఇల్లు పోయినసారి చెప్పినట్లే. మేక ఒకటి ఈనింది, ఇప్పుడు నాలుగు.

మే లూదియా, నీ ఫోటోలు ముందు నేను చూసినా, తర్వాత సంఘమంతా చూసింది. ఆదివారం ఆరాధన అయినాక పాస్టరయ్య చేతికిచ్చినా. ఆయన తలకిందులుగా పట్టుకొని బాగుందన్నాడు. మొగోళ్లకు కుట్టు గురించి ఏం తెలుసు. నంద్యాలలో ఆపరేషన్ చేయించుకున్న కన్ను పెట్టి నేను చూసినా. చేపపొలుసు మాదిరి ఒకదాని మీద ఒకటి పడుకొని, ఎడమకు నడిచిపోతాండాయి. ఒక్కటి పెద్దది ల్యా, ఒక్కటి చిన్నది ల్యా. రెండో ఫోటోలో మొదలుపెట్టిన కాడ రవ్వంత ఉబ్బింది. ఆడ చెయ్యి తొందరపడింది. మిగతాదంతా నా బొంత మీద పెట్టినా తలొంచుకోవాల్సిన పని ల్యా.

నిప్పుతో ఇనుమును కుట్టేది నా మనవరాలు. ఈ మాట షాహజాదీకి మూడుసార్లు చెప్పినా. నాలుగోసారి గాజుల బుట్ట ఎత్తుకొని లేచిపోయింది.

ఇప్పుడు నంబరు సంగతి. తెలుగుగంగ కాలవ తవ్వేటప్పుడు నేనూ మీ తాతా వెలుగోడు దిక్కు ఆరేండ్లు మట్టి మోసినాం. మీ నాయన గట్టు మీద చీర ఉయ్యాలలో ఏడుస్తాంటే నేను తట్ట దించి పాలిచ్చి మళ్లా తట్ట ఎత్తినా. ఇప్పుడు ఆ నీళ్లు మదరాసు దాకా పోతాండాయంట, అందరూ తాగుతాండారు. గట్టు పొడుగునా చూడు, జీవరత్నమ్మ మోసిన తట్ట ఇది అని యాడా ల్యా. నీ అతుకు పక్కన నీ నంబరుంటాదన్నావు. ఉండనీ. గట్టిగా కొట్టమను.

చెయ్యి సంగతి రాసినావు. ఆ పొద్దు నీ ఎడమచెయ్యి కట్టేసింది నీ మంచికే. ఎడమచేత్తో అన్నం పెట్టే ఆడదాన్ని ఏ ఇంట్లో గడప తొక్కనిస్తారు? కుడి అని రాసి మంచిపని చేసినావు. దాని గురించి ఇంగ మాట్లాడొద్దు.

నీకు ఒక బొంత మొదలుపెట్టినా. అన్నీ పాలిస్టర్ చీరలే. సూది విరిగింది రెండు. అయినా కుడతాండా, నువ్వు ఆడ పుట్టించే గుడ్డ అన్నావు గదా.

ఎడమ బొటనవేలి ముద్ర: జీవరత్నమ్మ


రిఫైనరీ సైట్,
20 సెప్టెంబర్ 2025

జేజికి వందనాలు.

ఈ ఉత్తరం నాయనకు వినిపించొద్దు. నువ్వూ, టీచరమ్మా చాలు.

పైపుల్లోకి నూనె పంపే ముందు నీళ్లు నింపి గట్టిగా ఒత్తి చూస్తారు. కారేదుంటే ఇప్పుడే కారాల. రేపు నూనె పోయేటప్పుడు కారితే అంటుకొని మనుషులు పోతారు. పోయిన వారం మా పైపు లైనుకు ఆ పరీక్ష పెట్టినారు. పన్నెండు మీటర్ల ఎత్తున నిలువు పైపు అతుకు కాడ నీళ్లు చిమ్మినాయి. ఎక్కి చూస్తే పక్కన W-218.

అది నేను చేసింది కాదు జేజీ. ఆ అతుకు వేసిన పొద్దు నేను ఆ లైను మీద మూడు జాయింట్లే చేసినా. మా పని చూసే ఫోర్‌మన్ పుస్తకంలో నాలుగని ఉంది. నాలుగోది నాకు తెల్దు. ఎవరో అతికి నా నంబరు కొట్టినారు. అన్నింటికీ ఎక్స్‌రే తీయరు, పదింటికి ఒకటి. దీనికి తీయలే.

నా వెల్డరు కార్డు తీసుకున్నారు. ఇప్పుడు ఇనుపరజను ఊడుస్తాండా. అక్టోబర్ పదిన ఎంక్వైరీ. ఫోర్‌మన్ పిలిచి, "తొందరలో నేనే చేసినా అని రాసిచ్చెయ్ పాపా, మూడు నెలలు హెల్పరుగా ఉండు, మళ్లా పరీక్ష రాయిస్తా. కాదని ఎదురు తిరిగి ఓడిపోతే నంబరు శాశ్వతంగా కొట్టేస్తారు, దేశంలో ఏ సైటూ నిన్ను రానియ్యదు" అన్నాడు.

ఆ అతుకు కోసి తీయకముందు తీసిన ఫోటో ఇందులో పెట్టినా. చూస్తే నాది కాదని నాకు తెలుస్తాంది. ఎట్ల తెలుసని వాళ్లడిగితే నాది ఎడమచెయ్యని చెప్పాల. అప్పుడు ఫారంలో రాసిన అబద్ధం బయటికొస్తాది. ఒక అబద్ధం రాసినదాన్ని ఇంకోమాటకు నమ్ముతారా? ఫోర్‌మన్ పుస్తకం ముందర నా మాట నిలబడతాదా?

ఏం చేయమంటావు?

లూదియా


ఆళ్లగడ్డ,
22 సెప్టెంబర్ 2025

జీవరత్నమ్మ చెప్పి రాయిస్తాండేది.

నీ దగ్గర నుంచి కాగితం ల్యా. సంగతి రుద్రవరం ఇర్షాద్ వాళ్లింట్లో చెప్తే, వాళ్లు మీ నాయనతో చెప్తే, నాకు తెలిసె. లూదియా అతుకు కారిందంట, పనిలో నుంచి దించి చీపురిచ్చినారంట. ఇంటి మనిషి నోటి నుంచి వినాల్సింది ఆటోస్టాండులో వినాల్సొచ్చె.

నేను ముందే చెప్పినా. మొదలుపెట్టిన కాడ చెయ్యి తొందరపడతాందని. ఫోటో చూసి చెప్పినా, వింటివా? పదిమంది పొగిడేసరికి కండ్లు నెత్తికెక్కినాయి.

చేసిన తప్పు ఒప్పుకో. మన ఇంట్లో వంకరకుట్టు పడితే దాచే అలవాటు ల్యా. నడివీధిలో అయినా విప్పి మళ్లా కుట్టేది. నూనె పోయే పైపంట, కారితే మనుషులు కాలతారంట. నీ పరువు పెద్దదా, వాళ్ల ప్రాణం పెద్దదా? తలెత్తుకొని చెప్పు, నేనే చేసినా అని. చీపురు పట్టినా ఏం కాదు. నేను జీవితమంతా తట్ట పట్టినా.

బొంత పక్కన పెట్టినా. మనసు రాలే.

ఎడమ బొటనవేలి ముద్ర: జీవరత్నమ్మ


రిఫైనరీ సైట్,
29 సెప్టెంబర్ 2025

జేజికి.

నీ ఉత్తరం నిన్న చేరింది. నా ఉత్తరానికి జవాబనుకొని రెండుసార్లు చదివినా. నాది కాదని అంత వివరంగా రాసినా, ఒప్పుకో అంటాండావు.

ఇంత పెద్ద సైట్లో నన్ను నమ్మాల్సింది నువ్వు ఒక్కదానివి. నువ్వే నమ్మనప్పుడు ఇంజనీర్లు ఏం నమ్ముతారు? సరే. పదో తారీఖు ఫోర్‌మన్ చెప్పినట్లు రాసిచ్చి సంతకం పెడతా. కుడిచేత్తోనే పెడతాలే, నువ్వు దిగులుపడొద్దు.

లూదియా


ఆళ్లగడ్డ,
3 అక్టోబర్ 2025

మే పిల్లా, సంతకం పెట్టొద్దు.

మన కాగితాలు దారిలో ఎదురెదురు వచ్చినాయి. నీది నాకు చేరకముందే నేను నోరు పారేసుకుంటి. నీ ఉత్తరం, ఆ ఫోటో నాకు చేరింది ఇరవై ఆరున. ఆ రాత్రే ఫోన్ చేయిస్తే నువ్వు తీయలే. తర్వాత తీసినావు. నువ్వు ఏడుస్తాంటివి, నేను అరుస్తాంటి, ఇద్దరికీ ఏమీ వినపడలే. అందుకే మళ్లా కాగితం.

నిన్ను నమ్మలేదని రాసినావు. ఆ మాట నా రొమ్ములో దిగింది. దానికి జవాబు నీకు చెప్పను. వాళ్లకే చెప్తా. ఈ కింద ఉండేది ఎంక్వైరీ సారు చేతికి ఇయ్యి. నువ్వు చదవకపోయినా ఫరవాల్యా.

ఎంక్వైరీ చేసే పెద్ద ఇంజనీరు సారుకు,

నా పేరు జీవరత్నమ్మ. వయసు డెబ్బై ఆరు. ఆళ్లగడ్డ. మీ దగ్గర W-218 నంబరుతో పనిచేసే లూదియా నా కొడుకు కూతురు. నేను చదువుకోలే. మీ ఫ్యాక్టరీ చూడలే. కానీ అరవై ఏండ్లుగా బొంతలు కుడతాండా కాబట్టి కుట్టు గురించి మాట్లాడే హక్కు నాకుంది.

ముందు నా తప్పు రాసుకోండి. మీ ఫారంలో ఆ పిల్లది కుడిచేతి వాటమని ఉంది. ఆ అబద్ధం దానిది కాదు, నాది. దానికి మూడేండ్లప్పుడు ఎడమచేత్తో ముద్ద ఎత్తింది. నేను పాతచీర పేలిక చింపి ఆ చెయ్యిని నడుముకు కట్టినా. ఒక పూట కాదు సార్, రెండేండ్లు. ఏడ్చింది. విప్పలే. మణికట్టు కాడ కమిలింది. నూనె పూసి మళ్లా కట్టినా. అందుకే అది తినేది కుడి, రాసేది కుడి, సంతకం కుడి. నిప్పు ముందర, సూది ముందర మాత్రం దాని చెయ్యి ఎడమే. బొంత కాడ ఎడమచేత్తో కుడతాంటే నేను చూడనట్లు ఉంటి. ఎందుకంటే ఆ చేత్తో అది కుట్టినంత సమంగా నేను కూడా కుట్టలేను. అది నా స్వార్థం. ఈ మాట మా వీధిలో ఎవరికీ చెప్పలే. ఈ పొద్దు సాక్షుల ముందర చెప్తాండా.

ఇప్పుడు ఫోటోలు చూడండి. మూడున్నాయి. మూడూ నిలువు పైపులే, మూడింట్లోనూ నంబరు నిట్టనిలువుగా కనపడేటట్లు పట్టుకోండి. మా పాస్టరయ్య మాదిరి తలకిందులుగా పట్టుకోవద్దు. మొదటి రెండు లూదియా ఆగస్టులో పంపింది. పొలుసులు ఎడమకు నడుస్తాండాయి. మూడోది మీ దగ్గర కారింది. పొలుసులు కుడికి నడుస్తాండాయి. కుడిచేతి మనిషి అటు పోతాడు, ఎడమచేతి మనిషి ఇటు పోతాది. నంబరు ఎవరైనా కొట్టొచ్చు సార్. చేతిని ఎవరూ దొంగతనం చేయలేరు.

నమ్మకపోతే ఇందులో ఒక బొంతమూల కోసి పెట్టినా. పిల్లకు పదేండ్లప్పుడు అదీ నేనూ రెండు చివర్ల నుంచి కుట్టినాం. ఎర్రదారం నాది, పచ్చదారం దానిది. ఎర్రకుట్టు ఇటు వాలితే పచ్చకుట్టు అటు వాలుతాది. ఆ బొంత నా మొగుడు ఆఖరి దినాల్లో కప్పుకున్నది. ఊరికే కోయలే.

ఇంగా నమ్మకపోతే ఒక పైపు నిలబెట్టి పిల్ల చేతికి మీ నిప్పు ఇయ్యండి. దాని నంబరుండే అతుకులు మీ దగ్గర వందలుంటాయంట, అన్నీ చూడండి. మందంతా ఇంటి దారి పట్టినప్పుడు ఒక గొర్రె ఎదురొస్తే, అది మన మందది కాదు.

మీరు చానా గొప్పోళ్లని పిల్ల రాసింది. ఆరు చర్చిగోపురాలంత స్తంభాన్ని గాల్లో తిప్పి వేలెడు సందు తప్పకుండా దించినారంట. అది విని నేను లేచి నిలబడినా సార్, ఒట్టు. అంత పని చేసినోళ్లకు ఒక ఆడపిల్ల చెయ్యి ఎటు తిరుగుతాదో చూడడం కష్టమా?

దయ అడగడంల్యా. చూడమంటాండా.

ఎడమ బొటనవేలి ముద్ర: జీవరత్నమ్మ
సాక్షులు: ప్రసన్నకుమారి, అంగన్‌వాడీ టీచరు (రాసింది కూడా నేనే), షాహజాదీ, గాజుల వ్యాపారం


రిఫైనరీ సైట్,
14 అక్టోబర్ 2025

జేజికి వేయి వందనాలు.

నాయన ఫోన్లో సగం చెప్పేసుంటాడు. మిగతా సగం విను.

పదో తారీఖు గదిలో నలుగురు కూర్చున్నారు. పెద్ద ఇంజనీరు రాజశేఖర్ సారు నడుమ. ఫోర్‌మన్ నేను సంతకం పెట్టాల్సిన కాగితం తెచ్చిపెట్టినాడు. నేను దాని మీద నీ కాగితం పెట్టినా. సారు ముందు మనసులో చదువుకున్నాడు. తర్వాత మళ్లా మొదటి నుంచి అందరికీ వినపడేటట్లు చదివినాడు. "తలకిందులుగా పట్టుకోవద్దు" అనే కాడ చేతిలో ఫోటో సరిచేసుకున్నాడు, నేను చూసినా. ఫోర్‌మన్ మధ్యలో "ముసలామె కథలు సార్ ఇవి" అంటే, సారు తలెత్తకుండా, "గమ్మునుండప్పా, ఆమె ఇంగా అయిపోలే" అన్నాడు. ఆయనది కోయిలకుంట్ల అంట జేజీ, తర్వాత తెలిసింది.

చదివినాక సారు లేచి వర్క్‌షాపుకు పదండన్నాడు. పైపు నిలబెట్టినారు. అద్దం ముఖం మీదికి దించుకొని ఎడమచేత్తో నిప్పు పట్టినా. అతికినాక చల్లబడేదాకా అందరూ నిలబడినారు. పొలుసులు ఎడమకు. ఆయన అంతటితో వదలలే. ఇద్దరిని పంపి నా నంబరుండే జాయింట్లు నలభై ఫోటో తీయించినాడు. నలభైకి నలభై ఎడమకు.

సాయంత్రానికి ఫోర్‌మన్ ఒప్పుకున్నాడు. నీళ్ల పరీక్ష తారీఖు దగ్గరపడిందని, కార్డు గడువు అయిపోయిన ఒకాయన చేత ఆ అతుకు వేయించి నా నంబరు కొట్టించినాడంట. ఫోర్‌మన్‌ను పంపేసినారు. ఆ నెలలో ఆయన పుస్తకంలో రాసిన ప్రతి అతుకుకూ ఇప్పుడు ఎక్స్‌రే తీస్తాండారు. ఇంకో రెండు దొరికినాయి. రేపు నూనె పోయింటే ఏమయ్యేదోనని ఇర్షాదన్న రెండు దినాలుగా అదే చెప్తాండాడు.

నా కార్డు నాకు ఇచ్చినారు. ఫారం తెప్పించి, కుడి అనే మాట కొట్టేసి ఎడమ అని రాసి, పక్కన సారు సంతకం పెట్టినాడు. ఇప్పుడు నన్ను చమురు కాచే కొలిమి కాడ వేసినారు. ఆడ పైపులు గోడకు ఎంత దగ్గరుంటాయంటే కుడిచేతి వాళ్లకు వంగేదానికి చోటు ల్యా. నేనైతే దూరిపోతా. మళ్లా నీళ్లు ఒత్తి చూసినారు మొన్న. చుక్క కారలే. ఆ లైను పొడుగునా నడిచి నా నంబర్లన్నీ చేత్తో తాకొచ్చినా.

నువ్వు రాసిన రెండేండ్లు నాకు గురుతు ల్యా జేజీ. నాకు గురుతుండేది ఒకటే. బొంత కాడ నేను ఎడమచేత్తో సూది పట్టుకుంటే నువ్వు మొగం అటు తిప్పుకునేదానివి. కోపమేమో అనుకుంటి ఇన్నేండ్లూ.

బొంతమూల తిరిగి అడిగినా. ఎంక్వైరీ ఫైలులో సాక్ష్యం కింద కుట్టేసినారంట, ఇయ్యకూడదంట.

నీ లూదియా, W-218


ఆళ్లగడ్డ,
26 అక్టోబర్ 2025

నా పేరు జీవరత్నమ్మ. వయసు డెబ్బై ఆరు. యోబు తల్లిని, జోసెఫ్ పెండ్లాన్ని, W-218 జేజిని. ఈ మూడోది కొత్తగా చేర్చమని టీచరమ్మకు చెప్పినా.

మే లూదియా, ఆ రాజశేఖర్ సారుకు చెప్పు, బొంతమూల ఫైలులో పెట్టుకున్నందుకు నాకు కోపం ల్యా. ఫైలుకు యాదో దారం వేసి కుట్టింటారు, వంకరగా. అది తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు. నువ్వు పోయి విప్పి సరిగ్గా కుట్టిరా.

మీ నాయన ఆటో వెనక అద్దం మీద W-218 అని రాయించినాడు. ఏందప్పా ఈ నంబరు, బండిదా అని ఎక్కినోళ్లు అడుగుతాండారంట. రుద్రవరం చేరేదాకా చెప్తాడు. దిగమన్నా దిగనీయడంట. షాహజాదీ ఇప్పుడు నవ్వడంల్యా. "అక్కా, మా పిల్ల తహసీన్‌కు కూడా ఎడమచేతి వాటమే, ఆ ఐటీఐ యాడుంది?" అని అడిగింది. చెప్పినా.

నీ బొంత అయిపోయింది. విరిగిన సూదులు మొత్తం ఐదు. పాలిస్టర్ మంచి గుడ్డే, మొండిది, ఎవరి పోలికో. ఒక మూలలో నీ నంబరు కుట్టినా. టీచరమ్మ సుద్దముక్కతో గీసిచ్చింది, ఆ గీతల మీద కుట్టినా. నా జీవితంలో నేను రాసిన అక్షరం అదొక్కటే. పార్సిలు రేపు పోతాది.

ఇంగొక మాట. నీ చెయ్యి గురించి నేను తప్పు ఒప్పుకున్నది వాళ్ల ముందర. నీ ముందర ఒప్పుకోలే. నేను నోరుగలదాన్నే గాని ఈ మాట రాయించేదానికి మూడు దినాలు టీచరమ్మను తిప్పుకుంటి. ఈ పొద్దు ఆమె విసుగొచ్చి, "చెప్పేదేమీ ల్యాకపోతే ముద్రేసెయ్ జేజీ, నాకు పనుంది" అని ఇంకు డబ్బా తెరిచి, "ఎడమచెయ్యి ఇటియ్యి" అనింది.

ఇచ్చినా. ఎప్పుడూ ఇచ్చినట్లే. కాలవకాడ కూలిపుస్తకంలో, పింఛనుకాడ, బ్యాంకుకాడ, మీ తాత పోయినప్పుడు ఆస్పత్రికాడ, నలభై ఏండ్లుగా అందరూ ఎడమచెయ్యే అడిగినారు. నేను నేనే అని చెప్పేదానికి నా దగ్గర ఇంగేమీ ల్యా, ఈ వేలొక్కటే. అదే చేతిని నీకు ల్యాకుండా చేస్తిని.

ఇంకు ఆరకముందే ఈ మాట రాయమన్నా. రాసింది. ఇంగ వేస్తాండా.

ఎడమ బొటనవేలి ముద్ర: జీవరత్నమ్మ. గట్టిగా ఒత్తినా.

సాక్షులు:
ప్రసన్నకుమారి
షాహజాదీ
యోబు (నేను తప్పు ఒప్పుకోగలనని మీ నాయనకు కూడా ఇప్పుడే తెలిసింది)